రిఫరీ తీర్పు: కొలతకు లొంగునది, లొంగనిది

ఫుట్‌బాల్ ఆటలో తొంబది నిమిషములు పోరాడినను సాధారణముగా రెండు మూడు గోల్స్ మాత్రమే పడును. క్రికెట్టులో ఒక తప్పుడు తీర్పు వలన మొదటి బ్యాట్స్‌మన్ వెళ్ళిపోయినను, ఆ నష్టమును పూడ్చుటకు వెనుక ఇంకను పలువురు మిగిలియుందురు. ఫుట్‌బాలులో అట్లు కాదు. రిఫరీ ఊదిన ఒక్క ఈల గాని, ఊదవలసియుండి ఊదని ఒక్క ఈల గాని ఆట ఫలితమునే మార్చివేయగలదు. జట్టు ఆ సంవత్సరము పై శ్రేణిలో నిలుచునో, క్రింది శ్రేణికి దిగిపోవునో ఒక్కొక్కప్పుడు ఆ ఫలితముపైననే ఆధారపడియుండును. కనుకనే ఫుట్‌బాల్ ఆడు ప్రతి దేశమునందును రిఫరీపై ఫిర్యాదు ఆటతో పాటు పెరుగుచు వచ్చినది.

అభిమానుల ఫిర్యాదులను జల్లెడ పట్టి చూచినచో వానిలో రెండు ముఖ్యమైనవి తేలును. "పోయిన వారము ఆ జట్టునకు ఇచ్చిన పెనాల్టీ ఈ వారము మా జట్టునకు ఏల ఈయలేదు?" అనునది మొదటిది. ఇది తీర్పుల నిలుకడకు సంబంధించినది. "తప్పు తీర్పు చెప్పినవారు ఎవరికి జవాబు చెప్పుదురు?" అనునది రెండవది. ఇది జవాబుదారీతనమునకు సంబంధించినది. రెండును న్యాయమైన ప్రశ్నలే. కాని రిఫరీ పక్షపాతి యనియో, చేతగానివాడనియో అనినంత మాత్రమున వానికి సమాధానము దొరకదు. మానవుని కన్ను ఎట్లు పనిచేయును, కొలత యనగా నేమి, అభిప్రాయ మనగా నేమి అను విషయములను పరిశీలించినపుడే ఈ తగవులో ఏ భాగము తీరునది, ఏ భాగము తీరనిది తెలియగలదు.

రిఫరీ ఎట్లు వచ్చెను?

1863 లో లండనునందు ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడి ఆటకు నియమములను వ్రాసినపుడు వానిలో రిఫరీ ప్రసక్తియే లేదు. పెద్దమనుషులు ఆడు ఆటలో ఎవరును కావలెనని తప్పు చేయరనియు, తగవు వచ్చినను ఇరుజట్ల నాయకులు మాటలాడుకొని సరిచేసికొందురనియు ఆనాటివారి భావము. పిమ్మట జట్టునకు ఒక్కరు చొప్పున ఇద్దరు అంపైర్లు వచ్చిరి. వారికి అభిప్రాయభేదము కలిగినపుడు తేల్చి చెప్పుటకు మైదానము వెలుపల మూడవ మనిషిని ఒకనిని నిలిపిరి. వివాదమును అతనికి నివేదించుచుండిరి కావున ఇంగ్లీషులో అతనికి రిఫరీ అను పేరు వచ్చినది. 1891 లో ఈ మూడవ మనిషి మైదానములోనికి వచ్చి సర్వాధికారి అయ్యెను. అంపైర్లు అంచు గీతల వెంబడి తిరుగు లైన్స్‌మన్‌లుగా మారిరి. 1996 నుండి వారిని సహాయ రిఫరీలు అనుచున్నారు.

ఆటలో జరిగిన విషయములపై రిఫరీ చెప్పినదే తుది తీర్పు అని నియమము. ఆట సాగవలెనన్నచో ఎవరో ఒకరి మాట చెల్లక తప్పదు. అయితే తుది తీర్పు అన్నంత మాత్రమున అది సరియైన తీర్పు కానక్కరలేదు. ఈ రెంటి నడుమ గల ఎడమునుండియే అభిమానుల ఆవేదన పుట్టుచున్నది.

ఈ ఎడమునకు ప్రసిద్ధమైన ఉదాహరణములు రెండు కలవు. 1966 జులై 30 న లండనులోని వెంబ్లీ మైదానమున ఇంగ్లండు, పశ్చిమ జర్మనీ జట్లు ప్రపంచకప్పు తుదిపోరు ఆడినవి. అదనపు సమయములో ఇంగ్లండు ఆటగాడు జెఫ్ హర్స్ట్ కొట్టిన బంతి గోలు పై దూలమునకు తగిలి, నిట్టనిలువుగా క్రిందపడి, వెలుపలికి వచ్చినది. అది గీత దాటినదో లేదో స్విట్జర్లండుకు చెందిన రిఫరీ డీన్స్ట్‌కు తెలియలేదు. సోవియట్ అజర్‌బైజాన్‌కు చెందిన లైన్స్‌మన్ బహ్రామోవ్‌ను అడిగి గోలు ఇచ్చెను. ఆ ఆటలో ఇంగ్లండు 4-2 గా గెలిచినది. బంతి గీత పూర్తిగా దాటలేదని జర్మనులు నేటికిని వాదింతురు. నలువది నాలుగు సంవత్సరముల పిమ్మట, 2010 జూన్ 27 న దక్షిణాఫ్రికాలోని బ్లోంఫాంటేన్‌లో ఇవే రెండు దేశములు తలపడినపుడు ఇంగ్లండు ఆటగాడు ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి దూలమునకు తగిలి గీతకు చాల లోపల పడినది. ఇంటిలో కూర్చుండి టెలివిజను చూచుచున్న పిల్లవానికి సైతము అది గోలని తెలిసినది. తెలియవలసిన రిఫరీకిని, సహాయ రిఫరీకిని మాత్రము తెలియలేదు.

కన్ను చేయు మోసము

రిఫరీ పొరపాట్లలో శాస్త్రజ్ఞులు ఎక్కువగా పరిశోధించినది ఆఫ్‌సైడు తీర్పును. తోటి ఆటగాడు బంతిని తన్నిన క్షణమున, ఎదుటి జట్టు సగములో నున్న ఆటగాడు బంతి కంటెను, ఎదుటి జట్టు ఆటగాండ్రలో చివరినుండి రెండవవాని కంటెను గోలుగీతకు దగ్గరగా నున్నచో అతడు ఆఫ్‌సైడు స్థానములో నున్నట్లు. సాధారణముగా చివరివాడు గోల్‌కీపరే కావున, చివరి రక్షకుని కంటె ముందున్నాడా లేదా అని చూచుటయే సహాయ రిఫరీ పని. వినుటకు ఇది సులభము. కాని అతడు చూడవలసినవి రెండు: బంతిని తన్ను కాలు ఒకచోట, రక్షకుల వరుస ముప్పది నలువది మీటర్ల దూరమున మరియొకచోట. రెంటిని ఒకే క్షణమున చూడవలెను. చూపును ఒకదానినుండి రెండవదానికి త్రిప్పుటకు కొంతకాలము పట్టును. ఆ లోపల ఆటగాడు పరుగెత్తుచునే యుండును.

ఇందు మొదటి మోసము స్థానమునకు సంబంధించినది. స్కేలును ప్రక్కనుండి చూచి కొలత తీసికొన్నచో తప్పు వచ్చునని హైస్కూలు విద్యార్థులకు తెలియును. దీనినే పారలాక్సు దోషము అందురు. సహాయ రిఫరీకిని ఇదే జరుగును. అతడు చివరి రక్షకునితో సరిసమానముగా నిలువవలెను గాని, ఒక మీటరు గోలువైపునకు జరిగి నిలిచెననుకొందము. రక్షకుడు అంచు గీతకు 30 మీటర్ల దూరమున ఉన్నాడు. దాడిచేయు ఆటగాడు ఆ రక్షకునితో సరిసమానముగా, 40 మీటర్ల దూరమున ఉన్నాడు. ఉపాధ్యాయులు దీనిని నల్లబల్లపై గీసి, సరూప త్రిభుజములతో లెక్కకట్టి చూపవచ్చును. సహాయ రిఫరీ కంటినుండి రక్షకుని మీదుగా గీచిన రేఖకు ఆ ఆటగాడు సుమారు 33 సెంటీమీటర్లు గోలువైపున ఉండును. అనగా నిర్దోషి ఆఫ్‌సైడుగా కనబడును. అదే ఆటగాడు 20 మీటర్ల దూరమున, అనగా రక్షకుని కంటె ఇవతల ఉన్నచో, అంతే మేరకు వెనుకనున్నట్లు కనబడును. అప్పుడు దోషి తప్పించుకొనును. నెదర్లండ్సుకు చెందిన ఔడెజాన్స్, ఆయన సహచరులు ఈ విషయమును పరిశోధించి 2000 సంవత్సరమున 'నేచర్' పత్రికలో ప్రకటించిరి. సహాయ రిఫరీ ఏ జట్టును అభిమానించుచున్నాడనుదాని కంటె ఎక్కడ నిలిచియున్నాడనునదే అనేక తప్పులను వివరించునని దీని వలన తేలుచున్నది.

రెండవ మోసము మెదడునకు సంబంధించినది. ఒక వస్తువు కదలుచుండగా వేరొకచోట క్షణికమైన సంఘటన ఏదైన జరిగినచో, ఆ క్షణమున కదలుచున్న వస్తువు తానున్న చోటికంటె కొంత ముందున్నట్లు మానవునకు తోచును. బంతిని తన్నుట క్షణిక సంఘటన. పరుగెత్తు ఆటగాడు కదలు వస్తువు. కావున అతడు ముందున్నట్లు కనబడి, జెండా లేచును. 2002 ప్రపంచకప్పులోని ఆఫ్‌సైడు తీర్పులను బెల్జియమునకు చెందిన హెల్సెన్, ఆయన సహచరులు పరీక్షించినపుడు నాలుగింట ఒకవంతు తప్పులని తేలినది. వారందరు ప్రపంచమునందలి మేటి సహాయ రిఫరీలే. శిక్షణ వలన ఇట్టి తప్పులను తగ్గింపవచ్చును గాని బొత్తిగా తుడిచివేయుట కష్టము.

చెవి చేయు మోసము

కన్ను మాత్రమే కాదు, చెవియు తీర్పును మార్చగలదు. ఇంగ్లండులో నెవిల్, బాల్మర్, విలియమ్స్ అను పరిశోధకులు ఒక ప్రయోగము చేసి 2002 లో ప్రకటించిరి. అర్హతగల 40 మంది రిఫరీలకు లివర్‌పూల్, లెస్టర్ జట్లు ఆడిన ఒక ఆటలోని 47 ఘట్టములను చూపి తీర్పు చెప్పుమనిరి. సగము మందికి ప్రేక్షకుల కేకలతో కూడ చూపిరి. మిగిలినవారికి శబ్దము లేకుండ చూపిరి. కేకలు విన్నవారు స్వస్థల జట్టైన లివర్‌పూల్‌పై 15.5 శాతము తక్కువ ఫౌల్స్ ఇచ్చిరి. బొమ్మ ఒక్కటే, నియమములు ఒక్కటే. మారినది శబ్దము మాత్రమే.

స్పెయిన్ దేశపు ఆటలను పరిశీలించిన ఆర్థికశాస్త్రజ్ఞులు కూడ ఇట్టి విషయమునే కనుగొనిరి. స్వస్థల జట్టు ఒక గోలు వెనుకబడియున్నపుడు రిఫరీ ఇచ్చిన అదనపు కాలము, ఆ జట్టు ఒక గోలు ముందున్నపుడు ఇచ్చినదాని కంటె గణనీయముగా ఎక్కువ. 2020 లో కోవిడ్ వ్యాధి కారణముగా అనేక దేశములలో ఖాళీ మైదానములలో ఆటలు ఆడింపవలసివచ్చినది. ప్రయోగశాలలో ఏర్పాటు చేయజాలని పరీక్ష ప్రపంచమున తానై జరిగినది. ప్రేక్షకులు లేనపుడు, వెలుపలినుండి వచ్చిన జట్టునకు పసుపుపచ్చ కార్డులు ఎక్కువగా పడు అలవాటు తగ్గినదని ఆ ఆటలను పరిశీలించినవారు తెల్పిరి. రిఫరీ లంచము తినలేదు, ఎవరికిని భయపడలేదు. వేలమంది ఒక్కసారి "ఫౌల్!" అని అరచినపుడు ఆ అరపు అతనికి తెలియకయే ఒక సాక్ష్యమైనది.

రెండు విధములైన దోషములు

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. అంగడిలో రెండు త్రాసులున్నవనుకొందము. మొదటి త్రాసు ఒకసారి 20 గ్రాములు ఎక్కువ, మరియొకసారి 20 గ్రాములు తక్కువ చూపును. రెండవ త్రాసు ఎప్పుడు తూచినను సరిగా 50 గ్రాములు తక్కువ చూపును. మొదటిదానికి నిలుకడ లేదు; కాని అది ఏ ఒక్కరి పక్షమునకును మొగ్గదు. రెండవదానికి నిలుకడ పూర్తిగా ఉన్నది. కాని అది ప్రతిసారియు కొనువానినే ముంచును. భౌతికశాస్త్రములో మొదటిదానిని యాదృచ్ఛిక దోషమనియు, రెండవదానిని క్రమదోషమనియు అందురు.

అభిమానులు "నిలుకడ లేదు" అని అనునపుడు ఈ రెంటిని కలిపివేయుచుందురు. క్షణికమైన పొరపాటు మొదటి రకమునకు చేరును. కేకల ప్రభావము రెండవ రకమునకు చేరును. మొదటిది అనేక ఆటలలో ఇటునటు సర్దుకొనవచ్చును. రెండవది ఎన్ని ఆటలు గడచినను సర్దుకొనదు, పేరుకొనుచునే పోవును. నిలుకడ యొక్కటియే కోరినచో తప్పు త్రాసుకూడ దానిని ఈయగలదు. కోరవలసినది నిలుకడతో కూడిన సరియైన తూకము.

యంత్రము తీర్చిన తగవు

బంతి గీత దాటినదా లేదా అనునది శుద్ధముగా కొలతకు సంబంధించిన ప్రశ్న. దానికి రెండే సమాధానములు. 2010 నాటి సంఘటన పిమ్మట ఒత్తిడి పెరిగి, ఆట నియమములను నిర్ణయించు అంతర్జాతీయ ఫుట్‌బాల్ అసోసియేషన్ బోర్డు 2012 జులై 5 న గోలుగీత యంత్రములకు అనుమతి ఇచ్చెను. ప్రపంచకప్పు పోటీలలో వానిని మొదటిసారిగా వాడినది 2014 లో బ్రెజిల్‌లో. అనేక కెమేరాలు బంతిని వేర్వేరు కోణములనుండి చూచుచుండును. గణనయంత్రము ఆ బొమ్మలను కలిపి బంతి స్థానమును లెక్కకట్టును. బంతి పూర్తిగా గీత దాటినచో ఒక్క సెకను లోపల రిఫరీ చేతి గడియారమునకు సంకేతము అందును. నాటినుండి వెంబ్లీ వంటి తగవు దాదాపుగా అంతరించినది.

దాదాపుగా అనుటకు కారణము లేకపోలేదు. 2020 జూన్ 17 న ఇంగ్లండులో ఆస్టన్ విల్లా, షెఫీల్డ్ యునైటెడ్ జట్ల ఆటలో విల్లా గోల్‌కీపరు బంతిని పట్టుకొని గీత లోపలికి వెళ్ళెను. గుమిగూడిన ఆటగాండ్రు, గోలు స్తంభము అడ్డుపడుటచే ఏ కెమేరాకును బంతి సరిగా కనబడలేదు. గడియారము మ్రోగలేదు. గోలు ఈయబడలేదు. ఆట 0-0 గా ముగిసినది. ఆ యంత్రమును నిర్వహించు సంస్థ క్షమాపణ చెప్పుచు, తొమ్మిదివేలకు పైగా ఆటలలో ఇట్టిది జరుగుట ఇదియే మొదటిసారి యని తెల్పినది. ఆ సంవత్సరము విల్లా జట్టు ఒక్క పాయింటు తేడాతో పై శ్రేణిలో నిలిచినది. తొమ్మిదివేల ఆటలకు ఒక్క తప్పు గొప్ప విజయమే. కాని ఆ ఒక్కటి ఎవరి పాలబడునో వారికి అది నూటికి నూరు పాళ్ళు నష్టమే.

కొలతకును హద్దు కలదు

2018 మార్చి 3 న బోర్డు వీడియో సహాయ రిఫరీ పద్ధతిని ఆమోదించెను. ఆ సంవత్సరమే రష్యా ప్రపంచకప్పులో దానిని వాడిరి. ఇంగ్లండు ప్రీమియర్ లీగులో అది 2019 ఆగస్టులో వచ్చినది. ఆఫ్‌సైడు తీర్పులలో బొమ్మను ఆపి, గీతలు గీచి, చంక కొలతతో గోల్స్ రద్దుచేయుట మొదలైనది. కన్ను పొరపాటు పోయినదని సంతోషింపవలసిన అభిమానులు మునుపటి కంటె ఎక్కువ విసిగిరి. వారి విసుగులో శాస్త్రీయమైన సత్యము కొంత ఉన్నది.

టెలివిజను కెమేరా సెకనుకు 50 బొమ్మలు తీయుననుకొందము. రెండు బొమ్మల నడుమ కాలము 0.02 సెకను. గంటకు 25 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తు ఆటగాడు సెకనుకు సుమారు 7 మీటర్లు పోవును. అనగా రెండు బొమ్మల నడుమ అతడు 14 సెంటీమీటర్లు కదలును. రక్షకుడు అదే వేగముతో ఎదురుదిశగా పరుగెత్తుచున్నచో వారి నడుమ ఎడము 28 సెంటీమీటర్లు మారును. పాదము బంతిని తాకిన క్షణము ఏ బొమ్మలో సరిగా పడినదో తెలియనపుడు, రెండు సెంటీమీటర్ల తేడాతో ఆఫ్‌సైడు అని చెప్పుట ఎట్టిది? అంగుళముల గుర్తులు మాత్రమే గల కర్రతో వెండ్రుక మందము కొలిచినట్టిది.

క్రికెట్టు ఈ కష్టమును మరియొక విధముగా ఎదుర్కొన్నది. ఎల్.బి.డబ్ల్యు. తీర్పును పునఃపరిశీలించునపుడు బంతి వికెట్టు అంచుకు మాత్రమే తగులునని యంత్రము చూపినచో, మైదానములోని అంపైరు మొదట చెప్పిన తీర్పునే నిలుపుదురు. యంత్రపు లెక్కకు కొంత అనిశ్చితి ఉన్నదని ఆ నియమము బాహాటముగా ఒప్పుకొనుచున్నది. ఇంగ్లండులోను 2021-22 ఆటలనుండి ఆఫ్‌సైడు గీతలను లావు చేసి, ఒకదానిపై ఒకటి పడినచో సంశయలాభమును దాడిచేయువానికి ఇచ్చిరి. 2022 ఖతార్ ప్రపంచకప్పులో కొలత పనిముట్టునే మెరుగుపరచిరి. పన్నెండు కెమేరాలు ప్రతి ఆటగాని శరీరముపై 29 స్థానములను సెకనుకు 50 సార్లు గుర్తించినవి. బంతి లోపల నున్న పరికరము సెకనుకు 500 సార్లు సమాచారము పంపినది. తన్నిన క్షణము ఇప్పుడు 0.002 సెకనుకు తెలియును. పై ఆటగాడు ఆ వ్యవధిలో కదలునది ఒకటిన్నర సెంటీమీటరు కంటె తక్కువ.

కొలతకు లొంగని తీర్పులు

ఇంతవరకు చెప్పినవన్నియు కొలతలు. అభిమానుల ఆగ్రహములో పెద్దభాగము వీనికి సంబంధించినది కాదు. ఫౌలు, చేతితో బంతిని తాకుట, ఎర్ర కార్డు వంటివి వేరొక జాతికి చెందినవి. ఎదుటివానిని నిర్లక్ష్యముగా ఢీకొన్నచో ఫౌలు మాత్రమే. దుడుకుగా ఢీకొన్నచో పసుపుపచ్చ కార్డు. మితిమీరిన బలముతో ఢీకొన్నచో ఎర్ర కార్డు అని నియమము చెప్పుచున్నది. నిర్లక్ష్యమునకును దుడుకుతనమునకును నడుమ గీత ఎక్కడ ఉన్నది? దానిని చూడగల కెమేరా ఏదియు లేదు.

పరీక్షాపత్రములు దిద్దు ఉపాధ్యాయులకు ఈ భేదము బాగుగా తెలియును. లెక్కల పత్రమును ఇద్దరు దిద్దినను మార్కులలో తేడా రాదు. వ్యాసమును ఇద్దరు దిద్దినచో ఒకరు పదింటికి ఆరు వేయుదురు, మరియొకరు ఎనిమిది వేయుదురు. వారిలో ఎవరును అన్యాయము చేయలేదు. మార్గదర్శక సూత్రములు వ్రాసి ఇచ్చినచో తేడా తగ్గును గాని పూర్తిగా పోదు.

వీడియో రిఫరీ పద్ధతి వలన ఈ విషయములో ఒక విచిత్రము కలుగుచున్నది. గోలు, పెనాల్టీ, నేరుగా ఇచ్చు ఎర్ర కార్డు, ఒకరికి బదులు వేరొకరిని శిక్షించుట అను నాలుగు విషయములలో వీడియో జోక్యమునకు 2018 నాటి నియమము చోటిచ్చెను. అదియు తప్పు స్పష్టముగా, నిస్సందేహముగా కనబడినపుడే. ఈ షరతు న్యాయమైనదే. ఏలననగా అది లేనిచో ప్రతి తాకుడును మరల మరల విచారింపవలసివచ్చును. ఇక ఒక ఘట్టమును పదిమంది అనుభవజ్ఞులు చూచి, ఐదుగురు పెనాల్టీ అనియు, ఐదుగురు కాదనియు చెప్పిరనుకొందము. శనివారమునాటి రిఫరీ అట్టి ఘట్టమున పెనాల్టీ ఇచ్చెను. అది స్పష్టమైన తప్పు కాదు కావున వీడియో రిఫరీ జోక్యము చేసికొనడు. ఆదివారమునాటి రిఫరీ అట్టి ఘట్టముననే పెనాల్టీ ఈయలేదు. అదియు స్పష్టమైన తప్పు కాదు కావున వీడియో రిఫరీ మరల మిన్నకుండును. నియమమును రెండుసార్లును సరిగా పాటించిరి. ఫలితములు రెండును తలక్రిందులు. టెలివిజనులో ఆ రెంటిని ప్రక్కప్రక్కన వేసి చూపినపుడు అభిమాని గుండె మండక ఏమగును?

అభిప్రాయమును కొలతగా మార్చు ప్రయత్నములు జరుగకపోలేదు. 2019 లో చేతితో తాకు నియమమును గట్టిచేసి, తెలియక తగిలినను దాని వలన పడిన గోలు చెల్లదనిరి. తోటి ఆటగాని చేతికి తగిలి వచ్చిన బంతి వలన పడిన గోలును కూడ రద్దుచేయవలసివచ్చెను. తీర్పులకు నిలుకడ వచ్చినది గాని, అవి న్యాయమని ఎవరికిని తోచలేదు. 2021 లో ఆ నియమమును సడలించి, గోలు కొట్టినవాని చేతికే పరిమితము చేసిరి. నియమమును ఎంత బిగించినచో అంత నిలుకడ వచ్చును. కాని ఆ బిగింపులో సందర్భము నలిగిపోవును. ఈ రెంటిలో ఏది ఎంత కావలెనో నిర్ణయించుకొనుట యంత్రము చేయు పని కాదు, మనుష్యులు చేయవలసిన పని.

జవాబు చెప్పుట ఎట్లు?

కొలతకు లొంగని తీర్పులో అందరిని ఒప్పించుట సాధ్యము కాదు. చేయగలిగినది ఒక్కటే: కారణమును చెప్పుట. ఫుట్‌బాల్ చరిత్రలో ఇందుకు మంచి నిదర్శనము ఒకటి కలదు. 1966 ప్రపంచకప్పులో ఇంగ్లండు, అర్జెంటీనా జట్ల ఆటకు జర్మనీ రిఫరీ ఉండెను. ఒకరి భాష ఒకరికి రాదు. ఎవరిని హెచ్చరించిరో, ఎవరిని వెలుపలికి పంపిరో ఆటగాండ్రకు సైతము సరిగా తెలియలేదు. రిఫరీల పర్యవేక్షకుడైన కెన్ ఆస్టన్ దీనిని గూర్చి ఆలోచించుచు కారులో పోవుచుండగా కూడలిలోని దీపములు కనబడినవి. పసుపుపచ్చ అనగా జాగ్రత్త, ఎరుపు అనగా ఆగుము. అట్లు పుట్టిన కార్డులు 1970 మెక్సికో ప్రపంచకప్పులో మొదటిసారి వాడుకలోనికి వచ్చినవి. కార్డు తీర్పును మార్చలేదు. ఏమి తీర్పు చెప్పబడినదో మైదానమంతటికి ఒక్కసారిగా తెలియజేసినది.

వీడియో గదిలో జరుగు మాటలు మాత్రము చాలకాలము ప్రేక్షకునికి అందలేదు. 2023 సెప్టెంబరు 30 న లండనులో టాటెన్‌హామ్, లివర్‌పూల్ జట్ల ఆటలో లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాస్ గోలు కొట్టెను. సహాయ రిఫరీ ఆఫ్‌సైడు జెండా ఎత్తెను. వీడియో గదిలో గీతలు గీచి చూడగా అతడు ఆఫ్‌సైడు కాడని తేలినది. కాని గదిలోనివారు మైదానములో గోలు ఇచ్చియున్నారని భ్రమపడి, "పరిశీలన ముగిసినది" అని చెప్పిరి. గోలు రద్దుగానే ఉండిపోయినది. క్షణములలో పొరపాటు తెలిసినను ఆట తిరిగి మొదలైనది; మొదలైన పిమ్మట అట్టి తీర్పును మార్చుటకు నియమము ఒప్పుకొనదు. లివర్‌పూల్ 2-1 గా ఓడినది. కెమేరా తప్పు చేయలేదు. కొలత సరిగానే వచ్చినది. తప్పినది మనుష్యుల నడుమ మాట మాత్రమే. ఇంగ్లండు రిఫరీల సంస్థ ఆ సంభాషణను మూడు దినముల తరువాత బయటపెట్టినది. ఇకపై పరిశీలనకు ముందు మైదానములోని తీర్పు ఏమిటో స్పష్టముగా చెప్పుకొనవలెనని పద్ధతిని సవరించినది. ఓడిన జట్టునకు గోలు తిరిగి రాలేదు గాని, ఏమి జరిగినదో అందరికి తెలిసినది. ఆస్పత్రులలోను, విమానయానములోను పొరపాట్లను పరిశీలించి పద్ధతులను మార్చుకొనుట ఇట్టిదే.

అదే సంవత్సరము ఆస్ట్రేలియా, న్యూజిలండులలో జరిగిన మహిళల ప్రపంచకప్పులో రిఫరీలు వీడియో చూచిన పిమ్మట తీర్పును, దాని కారణమును మైకులో ప్రేక్షకులకు చెప్పిరి. భారతదేశములో 2023 మార్చి 3 న బెంగుళూరులో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఆటలో కారణము తెలియని తీర్పు ఎంతవరకు పోవునో కనబడినది. అదనపు సమయములో బెంగుళూరు ఆటగాడు సునీల్ ఛెత్రి, కేరళ బ్లాస్టర్స్ రక్షకులు సర్దుకొనక ముందే ఫ్రీకిక్ తీసి గోలు కొట్టెను. రిఫరీ దానిని అంగీకరించెను. కేరళ జట్టు మైదానము విడిచి వెళ్ళిపోయినది. ఆ పోటీలో వీడియో రిఫరీ పద్ధతి లేదు. ఆట బెంగుళూరునకు దక్కినది. కేరళ జట్టునకు నాలుగు కోట్ల రూపాయల జరిమానా పడినది.

విసుగు ఎంత ఉన్నను యంత్రమును పూర్తిగా విడనాడుటకు చాలమంది సిద్ధముగా లేరు. 2024 జూన్‌లో ఇంగ్లండు ప్రీమియర్ లీగులో వీడియో పద్ధతిని తీసివేయవలెనని వుల్వర్‌హాంప్టన్ జట్టు తీర్మానము పెట్టగా, మిగిలిన పందొమ్మిది జట్లును వ్యతిరేకించినవి. స్వీడను దేశము మాత్రము అభిమానుల, జట్ల అభిప్రాయమును మన్నించి ఆ సంవత్సరమే ఆ పద్ధతి వలదని నిశ్చయించుకొన్నది.

తరగతిలో ఒక ప్రయోగము

పై విషయమును విద్యార్థులు తామే పరీక్షించి చూడవచ్చును. ఏదైన ఫుట్‌బాల్ ఆటనుండి సందేహాస్పదమైన పది ఘట్టములను ఏరి, తరగతిని రెండు భాగములు చేయవలెను. ఒక భాగమునకు వానిని కేకలతోను, మరియొక భాగమునకు శబ్దము లేకుండను చూపవలెను. ప్రతి విద్యార్థియు ప్రక్కవానిని సంప్రదింపక ఫౌలు అవునో కాదో చీటీపై వ్రాసి, ఒక్క వాక్యములో కారణము కూడ వ్రాయవలెను. తరువాత చీటీలను లెక్కింపవలెను. ఏ ఘట్టములలో అందరును ఏకీభవించిరో, వేనిలో తరగతి సగమునకు చీలినదో పట్టికగా వేయవలెను. సగమునకు చీలిన ఘట్టములలో కారణములను బిగ్గరగా చదివి వినిపించినచో, కొందరు తమ తీర్పు మార్చుకొందురేమో, మార్చుకొనకున్నను ఎదుటివాని తీర్పు అర్థరహితము కాదని ఒప్పుకొందురేమో గమనింపవలెను. ఈల చేతబట్టి పాఠశాల మైదానములో నిలుచు వ్యాయామోపాధ్యాయునకు ఆ సాయంత్రము ఎదురగు వాదన కొంత తగ్గినచో, ప్రయోగము వృథాపోనట్లే.